వెనక గోడ లేని పడవ

పడవ కొనడానికి వెళ్ళినవాళ్ళు ముందుగా ఇంజిన్ చూస్తారు. రంగు చూస్తారు. సీట్లు మెత్తగా ఉన్నాయో లేదో నొక్కి చూస్తారు. ఆ పెద్దాయన అవేవీ చూడలేదు. పంచె కాస్త పైకి ఎగగట్టి, ట్రెయిలర్ మీదున్న పడవ పక్కనుంచి నడుచుకుంటూ నేరుగా వెనక్కి వెళ్ళాడు. ఇంజిన్ బిగించిన చోట పలక అంచు మీద చెయ్యేసి, కింది నుంచి జానలతో కొలిచాడు. రెండు జానలు, ఆపైన నాలుగు వేళ్ళు.

''ఇది వద్దురా'' అన్నాడు కొడుకుతో.

వాళ్ళు అక్కడికి వచ్చి అప్పటికి రెండు నిమిషాలు కూడా కాలేదు.

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, టాంపా నగరానికి దగ్గర్లో ఉన్న పాత పడవల యార్డు అది. కొడుకు ఆ ఊళ్ళోనే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. తండ్రిది కాకినాడ పక్కన ఉప్పాడ తీరం. నలభై ఏళ్ళు వేట చేసినవాడు. సముద్రం మీదికి వెళ్ళి చేపలు పట్టడాన్ని ఆ తీరంలో వేట అనే అంటారు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని 61 రోజులపాటు ఇంజిన్ బోట్లకు వేట నిషేధం. ఆయన వేట మానేసి చాలాకాలమే అయినా, ఊళ్ళో బోట్లన్నీ ఒడ్డునుండే ఆ రెండు నెలల్లో అయితేనే వస్తానని అమెరికా ప్రయాణానికి ఒప్పుకున్నాడు.

మత్స్యకారుడి కొడుకే అయినా ఇంజినీరు ఒక్కసారి కూడా వేటకి వెళ్ళలేదు. తండ్రి వెళ్ళనివ్వలేదు. ''నువ్వు బడికి పో, ఒడ్డుకి రాకు'' అని తరిమేవాడు. ఆ పట్టుదలతోనే చదివించాడు. నలభై దాటాక ఇప్పుడు కొడుక్కి మనసు సముద్రం మీదికి పోయింది. సెలవు రోజుల్లో పిల్లల్ని తీసుకుని మెక్సికో గల్ఫ్‌లోకి వెళ్ళి చేపలు పట్టాలని కోరిక. ఎలాగూ నాన్న వస్తున్నాడు, ఆయన చేత చూపించి ఒక పాత పడవ కొందామనుకున్నాడు. నాన్న తొలి పడవనే అలా తోసిపుచ్చుతాడని మాత్రం అనుకోలేదు.

''ఎందుకు వద్దు నాన్నా? ధర తక్కువ. ఇంజిన్ కూడా బాగుంది.''

''పలక చూడు'' అన్నాడాయన. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు.

పడవ ముందు భాగం అణియం, వెనక భాగం అమరం. అమరాన్ని మూస్తూ నిలువుగా ఉండే పలకని ఇంగ్లీషులో ట్రాన్సమ్ అంటారు. మన తీరంలో పాతకాలపు మసులా పడవలకి అలాంటి పలకే లేదు. తాళ్ళతో కుట్టిన ఆ పడవలు ముందూ వెనకా ఒకేలా కోసుగా ఉండేవి. ఒడ్డుకి వచ్చేటప్పుడు వెనకనుంచి తరిమే కెరటం ఆ కోసుకి తగిలి రెండుగా చీలిపోయేది. బల్లపరుపు వెనక భాగం ఇంజిన్‌తో పాటు వచ్చింది. ఇంజిన్‌ని తగిలించాలంటే చదునైన పలక ఉండాలి కదా!

పడవ బయట తగిలించే ఈ ఔట్‌బోర్డు ఇంజిన్‌కి ఒక ముచ్చటైన కథ ఉంది. నార్వేలో పుట్టి అమెరికాకి వచ్చిన ఓల్ ఎవిన్‌రూడ్ అనే మెకానిక్, మనసిచ్చిన అమ్మాయి ఐస్‌క్రీం అడిగితే సరస్సు అవతలికి తెడ్డేసుకుంటూ వెళ్ళి తెచ్చాడట. తిరిగి వచ్చేసరికి ఐస్‌క్రీం కరిగిపోయిందట. ఆ కథలో నిజమెంతో గానీ, 1909లో ఆయన ఔట్‌బోర్డు ఇంజిన్లు అమ్మడం మొదలుపెట్టిన మాట నిజం. అంతకుముందు కూడా అలాంటివి ఉన్నాయి కానీ, ఈ ఇంజిన్‌కి ఊరూరా పేరు తెచ్చింది ఆయనే.

ఔట్‌బోర్డు ఇంజిన్‌కి తల పలక పైన, పంకా నీళ్ళలో ఉంటాయి. రెంటినీ కలిపే కాడ పొడవుని బట్టి పలక ఎత్తు ఉండాలి. మామూలుగా వాటి కొలతలు 15, 20, 25 అంగుళాలు. పలక ఎక్కువ ఎత్తు ఉండి కాడ పొట్టిదైతే పంకా పైకి తేలి గాలిని చిలుకుతుంది. అందుకే చాలా పడవల్లో పక్క గోడలు ఎత్తుగా ఉన్నా, వెనక మధ్యలో ఇంజిన్ కోసం పలకని కిందికి కోసేస్తారు. ఆ కోతలోంచి నీళ్ళు లోపలికి రాకుండా దాని ముందు చిన్న తొట్టి కడతారు. వచ్చిన నీళ్ళు ఆ తొట్టిలో పడి కన్నాల గుండా బయటికి పోవాలి. చిన్న అలకి పోతాయి కూడా. పెద్ద కెరటమే వచ్చి తొట్టిని దాటిందంటే, ఆ నీళ్ళు నేరుగా పడవ కడుపులోకే!

పెద్దాయన వద్దన్న పడవ అలాంటిదే.

రెండో పడవ యార్డుకి ఆ చివర ఉంది. దాన్ని చూసి ఆయన మరీ ఆశ్చర్యపోయాడు. దానికి వెనక గోడే లేదు! ఇరవైమూడు అడుగుల పొడవు. డెక్కు ముందు నుంచి చదునుగా వచ్చి, వెనక అంచు దాకా సాగి, అక్కడే ఆగిపోయింది. ఇంజిన్‌ని ఆ అంచుకి అవతల, అడుగు నుంచి చాచిన దిమ్మ మీద బిగించారు. దానికి అటూ ఇటూ ఖాళీ. అరుగు మీద నిలబడి వీధిలోకి చూసినట్టుంది.

''ఇదేంట్రా, తలుపులేని ఇల్లులా ఉంది?''

పడవ యజమాని తెల్లజుట్టు అమెరికన్. కొడుకు ఆ మాటని ఇంగ్లీషులో చెబితే పెద్దగా నవ్వాడు. నోటితో ఏమీ చెప్పకుండా రెండు బకెట్ల నీళ్ళు తెచ్చి డెక్కు మీద ఒంపాడు. ఆ నీళ్ళు ఒక్కసారి అటూ ఇటూ పరుచుకుని, వెనక్కి జారి, ఖాళీలోంచి దబ్బున కింద పడిపోయాయి. నాలుగు క్షణాలు పట్టిందేమో! డెక్కు మీద తడి తప్ప చుక్క నీరు మిగల్లేదు.

పెద్దాయన ముఖం విప్పారింది.

''ఇది తెప్పరా!'' అన్నాడు.

ఆయన తండ్రి తెప్ప మీద వేట చేసినవాడు. నాలుగైదు దుంగల్ని తాళ్ళతో కట్టి సముద్రంలోకి తోసేవాళ్ళు. ఒడ్డుకి వచ్చాక కట్లు విప్పి దుంగల్ని ఎండబెట్టేవాళ్ళు. తెప్పకి గోడలు లేవు. దుంగల సందుల్లోంచి నీళ్ళు వస్తాయి, ఆ సందుల్లోంచే పోతాయి. మనిషి నడుం దాకా తడుస్తాడు. కానీ తెప్పలో నీళ్ళు తోడినవాడు ఎవడూ లేడు. పైగా తెప్ప నిండదు, మునగదు.

''పడవ రెండు రకాలురా'' అన్నాడు కొడుకుతో. ''నీళ్ళని రానివ్వని పడవ ఒకటి. వచ్చిన నీళ్ళని ఉండనివ్వని తెప్ప ఒకటి. రెండూ మంచివే. రానిచ్చి పోనివ్వనిది ఉంది చూడు, అదిరా మనిషిని చంపేది.''

చదువుకున్న కొడుకు ఆ మాటని లెక్కేసి చూసుకున్నాడు. డెక్కు మీద మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పున పది సెంటీమీటర్ల నీళ్ళు నిలిస్తే ఆ బరువు 600 కిలోలు. పడవలోకి ఉన్నట్టుండి ఎనిమిది మంది ఎక్కినట్టు. పోనీ, ఆ ఎనిమిది మందీ కుదురుగా కూర్చుంటారా అంటే అదీ లేదు. పడవ ఏ పక్కకి ఒరిగితే అందరూ ఆ పక్కకే పరిగెత్తుతారు. పళ్ళెం నిండా నీళ్ళు పోసి పట్టుకుని నడిచినవాళ్ళకి ఆ సంగతి తెలుస్తుంది. నీళ్ళని వీలైనంత త్వరగా బయటికి పంపాలి. పిడికిలంత కన్నం కంటే గోడే లేని ఖాళీ ఆ పని వేగంగా చేస్తుంది. దూరం వెళ్ళి వేటాడే పడవలకి కొందరు వెనక భాగం తెరిచి ఉంచేది అందుకే. పెద్ద చేపని పైకి లాగడానికీ, నీళ్ళలో పడినవాళ్ళు ఎక్కడానికీ కూడా అది వీలుగా ఉంటుంది.

అయితే దీనికి ఒక షరతు ఉంది. డెక్కు ఎప్పుడూ బయటి నీటిమట్టం కంటే పైన ఉండాలి. ఉన్నంతసేపూ నీళ్ళు బయటికే పోతాయి. వెనక బరువు పెరిగి డెక్కు అంచు నీటికి తాకిందో, పోయే దారే వచ్చే దారి అవుతుంది. పాత పడవలకి ఇది మరీ ప్రమాదం. ఒకప్పటి టూ స్ట్రోక్ ఇంజిన్ల కంటే ఇప్పటి ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లు సాధారణంగా బరువెక్కువ. పాత పడవకి కొత్త ఇంజిన్ బిగిస్తే, అది గీసిన గీత కంటే కిందికే కూర్చుంటుంది.

''నీళ్ళలోకి దింపి చూద్దాం'' అన్నాడు పెద్దాయన.

మర్నాడు ఆదివారం పొద్దున్నే క్లియర్‌వాటర్ వైపు బయల్దేరారు. దారిలో కొడుకు, ఆ తీరంలో పడవ ఉన్నవాళ్ళందరికీ తెలిసిన ఒక విషాదం చెప్పాడు. 2009 ఫిబ్రవరి 28న నలుగురు స్నేహితులు అక్కడినుంచే వేటకి వెళ్ళారు. వాళ్ళలో 26 ఏళ్ళ మార్క్విస్ కూపర్, 29 ఏళ్ళ కోరీ స్మిత్ అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఆటగాళ్ళు. కూపర్ పడవ 21 అడుగులది. సాయంత్రం తిరిగి బయల్దేరబోతే లంగరు అడుగున ఇరుక్కుపోయింది. ఎంత లాగినా రాలేదు. తాడుని పడవ వెనక భాగానికి కట్టి, ఇంజిన్ జోరు పెంచి, ముందుకి లాగబోయారు. లంగరు కదల్లేదు. తాడు వెనక భాగాన్ని కిందికి గుంజేసింది. నీళ్ళు మీదికొచ్చి పడవ తిరగబడింది. ఆ రాత్రి గాలి, చలి. రెండు రాత్రులు గడిచాక, మార్చి 2న తీర రక్షక దళం వచ్చేసరికి తిరగబడిన పడవ మీద ఒక్కడే మిగిలి ఉన్నాడు. మిగతా ముగ్గురూ దొరకనే లేదు. లంగరుని తప్పుగా వెనక కట్టడమే కారణమని రాష్ట్ర దర్యాప్తులో తేల్చారు.

''పడవ మునిగిపోయిందా?'' అడిగాడు తండ్రి.

''లేదు నాన్నా. తిరగబడి తేలుతూనే ఉంది. లోపల ఫోమ్ నింపుతారు.''

అది అమెరికాలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. రిచర్డ్ ఫిషర్ అనే ఆయన 1958లో ఫోమ్ నింపిన చిన్న పడవ తయారుచేశాడు. తను అందులో కూర్చుని ఉండగానే పడవని రంపంతో రెండు ముక్కలుగా కోయించి, మునగదని చూపించాడు. ఆ ఫొటోలు 1961లో 'లైఫ్' పత్రికలో వచ్చాయి. తర్వాత 20 అడుగుల లోపు ఔట్‌బోర్డు పడవలు నీళ్ళు నిండినా తేలాలని అక్కడ ప్రభుత్వమే నిబంధన పెట్టింది. కానీ మునగకపోవడం వేరు, తిరగబడకపోవడం వేరు. ఆ ముగ్గురి ప్రాణాలు పోయింది మునగని పడవ మీదే.

పెద్దాయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ''తప్పు అందరూ చేస్తార్రా. సముద్రం కొన్నిటిని చూసీ చూడనట్టు వదిలేస్తుంది'' అన్నాడు చివరికి.

పడవని నీళ్ళలోకి దింపారు. కొంతదూరం వెళ్ళాక ఆయన చేత్తో సైగచేసి ఆపించాడు. యజమానినీ, కొడుకునీ భుజం పట్టుకుని వెనక్కి నడిపించి, తనూ వెళ్ళి ఇంజిన్ పక్కన నిలబడ్డాడు. ముగ్గురి బరువూ ఒకేచోట. పెద్ద చేప గాలానికి పడితే పడవలో అందరూ చేరేది అక్కడికే కదా! వెనక డెక్కు మూలల్లోకి నీళ్ళు మెల్లగా ఎక్కాయి. పాదాలు తడిసి, రెండు వేళ్ళ లోతున నిలిచాయి. ఒకడు ముందుకి జరగ్గానే వెళ్ళిపోయాయి.

యజమాని దాచకుండా చెప్పాడు. పడవతో వచ్చిన ఇంజిన్ తీసేసి, ఆరేళ్ళ కిందట బరువైన ఇంజిన్ పెట్టించాడట. పెద్దాయన వంగి వెనక అరలోకి చూశాడు. మూడు పెద్ద బ్యాటరీలు అక్కడే ఉన్నాయి. వాటిని చూపించి, వేలితో పడవ మధ్యకి గీత గీశాడు. తెల్లజుట్టాయన తల ఊపాడు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఆ మాట ఇద్దరికీ అర్థమైంది. బ్యాటరీలు మధ్యకి మార్చాలి. ఐస్ పెట్టె కూడా ముందుకే. అప్పుడు మళ్ళీ చూడాలి.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక తండ్రీ కొడుకులు పెరట్లో కూర్చున్నారు. కోడలు మజ్జిగ తెచ్చి ఇచ్చి, ''ఇంతకీ పడవ బాగుందా మావయ్యా? పిల్లలు ఎక్కేది కదా, నాకు భయంగా ఉంది'' అంది.

''భయం ఉండాలమ్మా. నాకూ ఉంది'' అన్నాడాయన. ఆమె లోపలికి వెళ్ళేదాకా ఆగి, కొడుకు వైపు తిరిగాడు.

''మీ బాబాయి ఎలా పోయాడో నీకేం చెప్పార్రా?''

''కెరటం తీసుకుపోయిందని.''

''ఊరంతా అదే అంది. నేనూ అదే అన్నాను. ఆ పలక కోసింది నేను.''

తొంభైల్లో మాట. అన్నదమ్ములిద్దరూ కలిసి ఫైబర్ బోటు కొన్నారు. కాకినాడలో ఎవరో పాత ఔట్‌బోర్డు ఇంజిన్ చవగ్గా అమ్ముతుంటే తెచ్చారు. దాని కాడ పొట్టిది. పంకా నీళ్ళకి సరిగ్గా అందలేదు. పొడుగు కాడ ఇంజిన్‌కి డబ్బుల్లేవు. ఈయన రంపం తెచ్చి వెనక పలకని బెత్తెడున్నర కిందికి కోసేశాడు. ఇంజిన్ భేషుగ్గా పనిచేసింది. నాలుగైదు నెలలు అందరికంటే ముందు ఒడ్డుకి వచ్చారు. చూసి మరో ఇద్దరు కూడా పలకలు కోయించుకున్నారు. ఆ రోజు కవళ్ళు బాగా పడ్డాయి. వలంతా వెనకే వేశారు. ఒడ్డు కనిపిస్తోంది. కెరటాల మధ్య సందు కోసం ఇంజిన్ తగ్గించి ఆగారు. వెనకనుంచి వచ్చిన ఒక కెరటం ఆ కోతలోంచి లోపలికి దూకింది. ఇంజిన్ ఆగిపోయింది. నీళ్ళు పోయే దారి లేదు. తమ్ముడు డొక్కుతో తోడుతున్నాడు. రెండో కెరటానికి బోటు అడ్డం తిరిగింది...

''బెత్తెడున్నర'' అన్నాడు పెద్దాయన, చూపుడువేలు మీద బొటనవేలు ఆనించి. ''అది కొయ్యకపోతే ఆ కెరటం లోపలికి వచ్చేది కాదని ఇన్నేళ్ళూ అనుకుంటూనే ఉన్నాను. నిన్న ఆ మొదటి పడవ పలక మీద చెయ్యి పెడితే మళ్ళీ మా బోటే చేతికి తగిలింది.''

కొడుకు చాలాసేపు మాట్లాడలేదు. వలబరువు, ఇంజిన్ వేగం, కెరటం ఎత్తు... లెక్కలన్నీ నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ చెప్పలేదు.

''అందుకేనా నన్ను ఒడ్డుకి రానివ్వలేదు?''

''ఊఁ'' అన్నాడు తండ్రి.

కొడుకు కుర్చీ దగ్గరికి జరుపుకుని ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. రెండు జానల నాలుగు వేళ్ళు కొలిచిన ఆ చెయ్యి ఇంకా మోటుగానే ఉంది. ఇద్దరూ అలా కూర్చునే మజ్జిగ తాగారు.

రెండో పడవనే కొన్నారు. బ్యాటరీలు మధ్యకి మార్చి మళ్ళీ నీళ్ళలో దింపితే, ముగ్గురూ వెనక నిలబడినా పాదాలు తడవలేదు. పిల్లలు జారిపోకుండా ఖాళీకి అడ్డంగా తీసి పెట్టుకునే వల కట్టించారు. నీళ్ళు దాని గుండా పోతాయి, పిల్లలు పోరు. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరూ ఎక్కకూడదన్నది కోడలి షరతు. లంగరు తాడు చివరని అణియం కొక్కానికి పెద్దాయన తన చేత్తోనే ముడివేశాడు. ''ఇది ఎప్పుడూ ఇక్కడే. ఇరుక్కుంటే తాడు కోసెయ్యి. లంగరు మళ్ళీ కొనుక్కోవచ్చు'' అన్నాడు.

ఊరికి ప్రయాణమయ్యే ముందు ఆదివారం అందరూ కలిసి వెళ్ళారు. పెద్ద దూరమేమీ కాదు, ఒడ్డు కనిపించేంతలోనే. చేపలేమీ పడలేదు. పిల్లలకి అదేం పట్టలేదు. వాళ్ళకో ఆట దొరికింది. మనవరాలు బకెట్‌తో సముద్రపు నీళ్ళు ముంచి డెక్కు మీద పొయ్యడం, అవి వెనక్కి జారి వల సందుల్లోంచి మాయమైపోతుంటే చప్పట్లు కొట్టడం. పోసిందే పోసింది.

''తాతా, చూడు, అన్నీ వెళ్ళిపోయాయి!''

''వెళ్ళిపోవాలమ్మా'' అన్నాడు తాత. ''ఏదీ, ఇంకో బకెట్ పొయ్యి.''